'మంచిగుంది' దగ్గర ఆగొద్దు: బొమ్మ చూపించడం, మాట వినడం, గోడకెక్కించడం

హనుమకొండలో పద్నాలుగేళ్లు బోర్డులు రాశాను. కిరాణా షాపులు, మెడికల్ హాళ్లు, టైలర్ షాపులు, ఎలక్షన్లప్పుడు గోడలు. ఫ్లెక్సీ వచ్చాక రెండు మూడేళ్లలోనే ఆ పని పోయింది. తర్వాత ఒక స్కూల్లో డ్రాయింగ్ చెబుతూ, సాయంత్రాలు నా కోసం కాన్వాస్ మీద ఎక్రిలిక్‌తో బొమ్మలు వేసుకోవడం మొదలుపెట్టాను. అన్నీ మూసేసిన షాపులు, షట్టర్లు, రంగు వెలిసిన బోర్డులు. ఇంట్లోవాళ్లు, తోటి టీచర్లు, పాత దోస్తులు చూసి "మంచిగుంది అన్నా" అనేవాళ్లు. ఆ ఒక్క మాట మీద ఆరేళ్లు గడిచాయి. ఒకరోజు ఇల్లు సర్దుతూ మొదటి ఏడాది బొమ్మనూ ఆ నెల వేసిన బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూశాను. ఏది ముందుదో, ఏది తర్వాతదో నాకే తెలియలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జిల్లాల్లో ఉండి, ఫైన్ ఆర్ట్స్ కాలేజీ గడప తొక్కకుండా బొమ్మలు వేస్తున్న పిల్లలు ఈమధ్య నన్ను తరచుగా అడుగుతున్నారు: "ఎవరికి చూపించాలె సార్? ఎగ్జిబిషన్‌ల ఎట్ల పెట్టాలె?" వాళ్ల కోసం నేను చేసిన పద్ధతి, అందులో దెబ్బ తిన్న చోట్లు, రెండూ రాస్తున్నాను.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

కాలేజీలో చదివేవాళ్లకు ఒక పెద్ద సౌకర్యం ఉంటుంది. హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ దగ్గరి జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లోనో, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీలోనో చేరితే, మనం అడగకపోయినా టీచర్లు వచ్చి బొమ్మ ముందు నిలబడతారు, మాట అంటారు. బయట ఉన్నవాళ్లం ఆ మాటను వెతుక్కుంటూ వెళ్లాలి.

రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. వీలైతే ఒకసారి వెళ్లి చూడండి. చిత్రకారుడు దామెర్ల 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ ఊరి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిలో ఏముందో గుర్తుపట్టి ప్రోత్సహించాడు. దామెర్ల బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. అడివి బాపిరాజు గారు కూడా కూల్డ్రే శిష్యులే. చూసి చెప్పగల కన్ను ఒక్కటి ఉంటే ఒక ఊరిలో ఎంత జరుగుతుందో ఆ గ్యాలరీలో నిలబడితే తెలుస్తుంది.

మీ కూల్డ్రే మీ ఊళ్లో లేకపోవచ్చు. చూపించాల్సినవాళ్లు మూడు రకాలు. మొదటివాళ్లు మీకంటే పదిహేను ఇరవై ఏళ్లు ఎక్కువ పని చేసిన చిత్రకారులు. రెండోవాళ్లు బోధించేవాళ్లు. రోజూ విద్యార్థుల పని చూస్తారు కాబట్టి తప్పును పేరు పెట్టి చెప్పగలరు. మూడోవాళ్లు గ్యాలరీ నడిపేవాళ్లు, ప్రదర్శనకు బొమ్మలు ఎంచి అమర్చే క్యూరేటర్లు. ఒక్క బొమ్మ బాగుందా లేదా అన్నది కాదు, పది బొమ్మలు కలిసి ఏం చెబుతున్నాయో వాళ్లు చూస్తారు. మొదటిసారి గ్యాలరీవాళ్ల దగ్గరికి పోవద్దని నా సలహా. ముందు చిత్రకారుడి దగ్గరికి వెళ్లండి.

ఫోన్ చేసి టైమ్ అడగండి. "అరగంట చాలు సార్, నాలుగు మాటలు చెప్పండి" అంటే చాలామంది కాదనరు. షో ప్రారంభం రోజు జనం మధ్యలో ఫోన్ తీసి బొమ్మలు చూపించకండి. ఆ నిమిషంలో ఎంత పెద్ద మనసున్నవాళ్లైనా 'బాగుంది' తప్ప ఇంకేం చెప్పలేరు.

ఏం పట్టుకెళ్లాలి, ఏం అడగాలి

ఎనిమిది నుంచి పది బొమ్మలు చాలు. చిన్నవైతే అసలువే తీసుకెళ్లండి, ఫోన్ ఫొటోలో రంగు మారుతుంది, బ్రష్ పోటు కనిపించదు. అందులో చెడిపోయినవి రెండైనా ఉండాలి. చెడిన బొమ్మలో మన అలవాట్లు దాక్కోకుండా బయటపడతాయి. స్కెచ్ పుస్తకం కూడా ఉంటే ఇంకా మంచిది.

నేను మొదటిసారి హైదరాబాద్‌లో ఒక సీనియర్ చిత్రకారుడి ఇంటికి పది కాన్వాస్‌లు పట్టుకుని పోయాను. కాజీపేటలో రైలెక్కి, బొమ్మలు ఎవరికీ తగలకుండా డోర్ దగ్గరే నిలబడి. అది మే నెల. కాన్వాస్‌లకు నేరుగా బబుల్ షీట్ చుట్టాను. ఆ ఎండకు ఎక్రిలిక్ మెత్తబడి, విప్పేసరికి రెండు బొమ్మల మీద గుండ్రటి గుర్తులు పడ్డాయి. రంగుకూ బబుల్ షీట్‌కూ మధ్య బటర్ పేపర్ పెట్టాలని, బుడగలు బయటివైపు ఉండాలని ఆరోజే నేర్చుకున్నాను. మూలలకు మందం అట్ట కట్టండి.

ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను మాత్రం ఆపకుండా వివరించాను, ఈ షాపు ఎక్కడిది, ఆ బోర్డు ఎవరు రాశారు అని. చివరికి ఆయన లేచి, ఒక బొమ్మలో 'శ్రీ వెంకటేశ్వర టైలర్స్' అన్న బోర్డు మీద అరచెయ్యి పెట్టి మూసి, "ఇప్పుడు చూడు" అన్నాడు. చూశాను. అక్షరాలు లేకపోతే ఆ బొమ్మలో షట్టర్ మీద పడ్డ సాయంత్రం ఎండ మొదటిసారి కనిపించింది. నేనే వేసిన ఎండ అది. చెయ్యి తీశాడు, మళ్లీ అక్షరాలే కనిపించాయి. "అక్షరం ఉన్నచోట కన్ను ముందు చదువుతది, తర్వాత చూస్తది. నువ్వు చూడనిస్తలేవు" అన్నాడు.

పద్నాలుగేళ్లు దూరం నుంచి చదవగలిగేలా రాయడమే నా అన్నం. అదే అలవాటు బొమ్మను మింగుతోందని ఇంట్లో ఎవరు చెబుతారు?

అప్పటినుంచి మూడు నియమాలు పెట్టుకున్నాను. మొదటిది, మొదటి పది నిమిషాలు నేను నోరు విప్పను. చూసేవాళ్లకు నా కథ తెలియకముందే బొమ్మ ఏం చెప్పిందో అది నాకు కావాలి. రెండోది, 'ఎలా ఉంది సార్' అని అడగను. అలా అడిగితే వచ్చే జవాబు 'మంచిగుంది' ఒక్కటే. 'మీ కన్ను ముందు ఎక్కడికి పోయింది?', 'ఈ పదింటిలో ఏ రెండు తీసేస్తారు?', 'ఏది పూర్తికాలేదనిపిస్తోంది?', 'ఇది ఇంకా పెద్ద సైజులో వేస్తే నిలబడుతుందా?' ఇలా అడుగుతాను. మూడోది, వాళ్లన్న మాటను వాళ్ల మాటల్లోనే అక్కడికక్కడే నోట్‌బుక్‌లో రాసుకుంటాను. బస్సెక్కాక గుర్తు తెచ్చుకుంటే మన మనసు ఆ మాటను మెత్తగా మార్చేస్తుంది.

వెళ్లే ముందు ఇంట్లో ఒక పని చేయండి. ప్రతి బొమ్మనూ ఫోన్‌లో నలుపు తెలుపులో ఫొటో తీసి చూడండి, అద్దంలో చూడండి, తలకిందులు చేసి చూడండి. మీ అంతట మీరు పట్టుకోగల తప్పులు అప్పుడే దొరుకుతాయి. సీనియర్ ఇచ్చే అరగంట మీకు కనిపించని వాటి కోసం మిగలాలి.

తోటివాళ్ల మధ్య

పెద్దవాళ్లు ఏడాదికి రెండుసార్లు దొరికితే గొప్ప. మిగతా రోజులకు తోడు కావాలి. మేం నలుగురం నెలకోసారి, మొదటి ఆదివారం, ఒకరి ఇంటి డాబా మీద కూర్చుంటాం. మొదట్లో అది పొగడ్తలతోనో గొడవలతోనో ముగిసేది. తర్వాత లిజ్ లెర్మన్ అనే అమెరికన్ నృత్య దర్శకురాలు తయారుచేసిన పద్ధతి తెలిసింది. నాట్యం కోసం మొదలైనా బొమ్మలకు చక్కగా పనికొస్తుంది. నాలుగు మెట్లు: ముందు చూసినవాళ్లు తమకు గుర్తుండిపోయింది, తగిలింది చెప్పాలి. తర్వాత వేసినవాళ్లు తమ ప్రశ్నలు అడగాలి. ఆ తర్వాత చూసినవాళ్లు అడగాలి, కానీ ప్రశ్నలో తీర్పు దాచకూడదు. ఆఖరున, వేసినవాళ్లు సరేనంటేనే అభిప్రాయం.

మూడో మెట్టు కష్టం. "ఆకాశం ఎందుకింత ముదురుగా వేసినవ్?" అంటే అది ప్రశ్న కాదు, దెబ్బ. "ఆకాశానికి ఈ రంగు ఎట్ల ఎంచుకున్నవ్?" అంటే అవతలివాడు ఆలోచిస్తాడు. చాలాసార్లు జవాబు చెబుతూ చెబుతూనే తన తప్పు తనే పట్టుకుంటాడు. మా గుంపులో ఒక చెల్లెలు ఆ ఒక్క ప్రశ్నతోనే మూడు నెలల పని మళ్లీ మొదలుపెట్టింది, ఎవరూ చెయ్యమనకుండానే.

విన్నదాంట్లో ఏది ఉంచుకోవాలి

ఇక్కడ నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

ఒక రివ్యూలో ఒకాయన నా బొమ్మల్లోని ఔట్‌లైన్ చూసి, "నీ గీత ఇంకా బోర్డు మీదనే ఉంది, చెరిపెయ్" అన్నాడు. పెద్దమనిషి మాట. ఇంటికొచ్చి గీతలన్నీ తీసేశాను. రంగులో రంగు కలిపి మెత్తగా వేశాను. పన్నెండు నెలల్లో ఇరవై బొమ్మలు వేస్తే, అవి ఎవరివో అన్నట్టు ఉన్నాయి. తర్వాత ప్రింట్ మేకింగ్ (అచ్చు బొమ్మల పని) చెప్పే ఒక టీచర్ పాతవీ కొత్తవీ చూసి, "ఇందులో నాకు చేతకానిది ఒక్కటే, ఆ పాత గీత. దాన్ని ఎందుకు వదిలేశారు?" అని అడిగారు.

ఇద్దరిలో ఎవరి మాట తప్పు? చాలా రోజులు ఆలోచించాను. ఇద్దరూ ఒకే చోట వేలు పెట్టారు. తప్పు గీతలో లేదు, గీత అంతటా ఒకే మందంలో ఉండటంలో ఉంది. బోర్డు అక్షరానికి అదే అందం. బొమ్మలో మాత్రం బరువు ఆనే చోట గీత లావు కావాలి, వెలుగు పడే చోట సన్నబడి మాయం కావాలి. మొదటాయన జబ్బు సరిగ్గా చెప్పాడు, మందు వేరేది ఇచ్చాడు. ఎక్కడ ఇబ్బందిగా ఉందో చెబితే నమ్మండి. ఎలా బాగుచేయాలో మాత్రం మీ చెయ్యే వెతుక్కోవాలి.

నా నోట్‌బుక్‌లో ఇప్పుడు మూడు పేజీలు వేర్వేరుగా ఉంటాయి. పని తప్పులు ఒక పేజీ: పర్‌స్పెక్టివ్ (దూరం దగ్గరల లెక్క) తేడా, కాన్వాస్ వదులు, టోన్ (వెలుగు చీకట్ల మోతాదు) అంతా ఒకేలా ఉండటం. వీటిని వాదన లేకుండా వెంటనే సరిచేస్తాను. ఇష్టాయిష్టాలు ఇంకో పేజీ: 'దేవుడి బొమ్మలు వెయ్, అమ్ముడుపోతయ్' లాంటివి. వీటికి దండం పెట్టి ఊరుకుంటాను. మూడో పేజీ విలువైనది. విన్నప్పుడు గుచ్చుకుని, జవాబు దొరకని మాటలు. వాటిని వారం రోజులు ముట్టుకోను. ఒకరికొకరు తెలియని ముగ్గురు వేర్వేరు మాటల్లో అదే అంటే, అది బొమ్మలో ఉన్నట్టే.

తోట వైకుంఠం గారు బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. ఈరోజు ఎక్కడ చూసినా మనం గుర్తుపట్టే ఆయన బొమ్మల్లోని పెద్ద బొట్టు, ముదురు రంగు చీరల ఆడవాళ్లు మాత్రం కరీంనగర్ వైపు ఆయన సొంత ఊరి మనుషులు. అంత పెద్ద గురువు దగ్గర నేర్చుకుని, బొమ్మల్ని తన ఊరి నుంచే తెచ్చుకున్నారు. గీత చెరిపేసుకున్న ఆ ఏడాది ఇది నాకు గుర్తుండి ఉంటే బాగుండేది.

గోడకెక్కించడం

విమర్శ ఒక మనిషి చెప్పేది. ప్రదర్శనలో గోడే చెబుతుంది. ఇంట్లో బొమ్మను మూడడుగుల దూరం నుంచి, ఒక్కొక్కటిగా చూస్తాం. హాల్లో ముప్పై అడుగుల దూరం నుంచి, వేరేవాళ్ల బొమ్మల పక్కన, ఒకే లైటు కింద కనిపిస్తుంది.

మొదలు గ్రూప్ షోతోనే పెట్టుకోండి. నలుగురైదుగురు కలిస్తే హాలు అద్దె, ఫ్రేములు, రవాణా ఖర్చు పంచుకోవచ్చు. హైదరాబాద్‌లో మాదాపూర్ స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్, రవీంద్రభారతిలోని ఐసీసీఆర్ గ్యాలరీ లాంటివి అడిగి చూడండి. తర్వాత ఎంపిక ఉండే ప్రదర్శనలకు పంపండి. హైదరాబాద్ ఆర్ట్ సొసైటీ వార్షిక ప్రదర్శన ఉంది. 1954లో మొదలైన కేంద్ర లలిత కళా అకాడమీ నిర్వహించే నేషనల్ ఎగ్జిబిషన్ ఉంది. ముంబైలో 1952 నుంచి ఉన్న జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ చాలామంది కల. అక్కడ హాలు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలి, కాబట్టి పని సిద్ధమవుతుండగానే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఎంపిక సాధారణంగా ముందు ఫొటోల మీదే జరుగుతుంది. ఫ్లాష్ వద్దు. నీడ పట్టున, పగటి వెలుతురులో, కెమెరా బొమ్మకు సరిగ్గా ఎదురుగా పెట్టి తీయండి. ఫ్రేమ్, గోడ కనిపించకుండా కత్తిరించండి. సైజు, ఎప్పుడు వేసిన బొమ్మ అయ్యుండాలి అన్న నిబంధనలు నోటిఫికేషన్‌లో రెండుసార్లు చదవండి. నన్ను రెండుసార్లు తిరస్కరించారు. కారణం రాయరు. అందుకని టికెట్టు కొనుక్కుని వెళ్లి, ఎంపికైన బొమ్మల ముందు ఒక పూట గడిపాను. నావి ఆ గోడ మీద ఊహించుకుంటే, సైజు చిన్నది కావడం కంటే ముందు మధ్యస్థపు టోనే కళ్లకు కట్టింది. చీకటి చీకటిగా లేదు, వెలుగు వెలుగుగా లేదు.

షోకి బొమ్మలు ఎంచేటప్పుడు ఉన్నవన్నీ నేల మీద పరవండి. ముప్పై ఉంటే పన్నెండు. బాగున్నవాటిని ఎంచడం కాదు, ఒకదాని పక్కన ఒకటి నిలబడేవాటిని ఎంచాలి. ఈ పని మీరొక్కరే చేయకండి, మీ మనసు ఎక్కువ కష్టపడ్డ బొమ్మ వైపు లాగుతుంది. చూసేవాళ్లకు మీ కష్టం కనిపించదు.

తగిలించే లెక్క: బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండాలి. 58 అనుకుందాం. బొమ్మ ఎత్తు 36 అయితే సగం 18, కలిపితే 76. వెనకాల తీగను పైకి లాగితే ఫ్రేమ్ పై అంచుకు 4 అంగుళాలు కిందికి ఉంటే, అది తీసేస్తే 72. మేకు 72 అంగుళాల దగ్గర. ప్రతి బొమ్మకూ ఈ లెక్క ఇంట్లోనే వేసి వెనకాల పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి. హాల్లో తగిలించడానికి దొరికేది కొన్ని గంటలే, అప్పుడు టెన్షన్‌లో కూడికలు తప్పుతాయి. కాగితం బొమ్మలైతే అద్దానికి తగలకుండా మధ్యలో మౌంట్ (చుట్టూ అట్ట అంచు) తప్పనిసరి. వానాకాలం తేమకు కాగితం అద్దానికి అంటుకుంటుంది, బూజు పడుతుంది. లేబుల్ మీద పేరు, మాధ్యమం, సైజు, సంవత్సరం. సైజులో ఎత్తు ముందు, వెడల్పు తర్వాత.

ధర చదరపు అంగుళానికి ఇంత అని పెట్టుకుంటే గందరగోళం ఉండదు. 24 × 36 అంటే 864 చదరపు అంగుళాలు. అంగుళానికి 15 రూపాయలైతే 12,960. గ్యాలరీలు అమ్మకంలో మూడో వంతు నుంచి సగం దాకా కూడా తీసుకుంటాయి. ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. గ్యాలరీలో ఒక ధర, ఇంటి దగ్గర ఒక ధర చెప్పకండి. నమ్మకం పోతుంది.

నిలబడి చూడండి

షో జరిగే రోజుల్లో హాలు వదలకండి. అయితే మీ బొమ్మ పక్కన కాపలా నిలబడకండి. ఎదురు మూలలో కూర్చుని జనం పాదాలు చూడండి. ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ నడక తగ్గకుండా దాటిపోతున్నారు, ఎవరు వెనక్కి వచ్చి మళ్లీ చూస్తున్నారు. విజిటర్స్ బుక్‌లో మర్యాద మాటలే రాస్తారు. పాదాలు మర్యాద చేయవు.

నా మొదటి గ్రూప్ షోలో తొమ్మిది బొమ్మలు పెట్టాను. తొమ్మిదింటికీ అదే ఎల్లో ఆకర్ (మట్టి పసుపు) గోడ. గుమ్మం దగ్గరి నుంచి చూస్తే తొమ్మిదీ కలిసి ఒకే పొడవాటి మట్టి గోడలా కనిపించాయి. ఆరేళ్లుగా ఇంట్లో ఉన్నా ఈ సంగతి నా కంట పడలేదు. రెండోరోజు సాయంత్రం ఒక పెద్దావిడ మనవడి చెయ్యి పట్టుకుని వచ్చింది. ఒక్కో బొమ్మ ముందూ ఆగింది. చివర్లో నా దగ్గరికి వచ్చి, "నాయనా, ఈ షాపుల మనుషులందరు ఎటువోయిన్రు?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. తొమ్మిది బొమ్మల్లో ఒక్క మనిషీ లేడని ఆ క్షణం దాకా నాకు తెలియదు. రాత్రి లాడ్జిలో కూర్చుని మూడో పేజీలో ఆమె మాట రాస్తుంటే, నాతో కలిసి బోర్డులు రాసినవాళ్లు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఒకాయన వాచ్‌మన్ పనికి పోయాడు, ఒకాయన ఆటో నడుపుతున్నాడు, ఇద్దరు లేరు. నేను వేస్తున్నది షాపులు కాదు. వాళ్లు లేకపోవడాన్ని వేస్తున్నాను, తెలియకుండా. ఏ రివ్యూలోనూ ఏ సీనియరూ అడగని ప్రశ్న అది. బొమ్మలు గోడ మీద ఒక వరసలో లేకపోతే ఆమెకూ తట్టేది కాదు.

దించిన తర్వాత

షో అయిపోయిన వారంలోపు కూర్చుని అన్నీ రాయండి: ఏది ఎక్కువ మందిని ఆపింది, ఎవరు ఏ ప్రశ్న అడిగారు, ఏది అమ్ముడైంది. అమ్ముడైనదీ ఆపినదీ ఒకటే కాకపోతే రెండూ వేరుగా రాయండి. కొన్నవాళ్ల వివరాలు, బొమ్మ ఫొటో దాచుకోండి, తర్వాత మళ్లీ ప్రదర్శనకు అడగాల్సి రావచ్చు. పిలిచి మాట చెప్పినవాళ్లందరికీ ఫోన్ చేసి, వాళ్ల మాటతో ఏం మార్చారో చెప్పండి. వాళ్లు మళ్లీ టైమ్ ఇస్తారు. ఆ తర్వాత ఒక నెల కొత్త సలహా ఎవరినీ అడగకుండా పని చేయండి.

ఆ పెద్దావిడ ప్రశ్న తర్వాత మనుషుల్ని వేయాలని రెండు నెలలు ప్రయత్నించాను. కుదరలేదు, బలవంతంగా తెచ్చి నిలబెట్టినట్టు ఉన్నారు. ఇప్పుడు షట్టర్ ముందు ఒక నిచ్చెన ఆనించి పెడుతున్నాను. కింద ఒక జత చెప్పులు, మూత తీసిన ఎనామిల్ రంగు డబ్బా. బోర్డు మీద అక్షరాలు సగంలో ఆగి ఉంటాయి, చదవడానికి చాలనన్ని. నిచ్చెన కాళ్లు నేలకు ఆనే చోట గీత లావుగా ఉంది. పై మెట్టు దగ్గర ఇంకా కుదరడం లేదు. వచ్చే ఆదివారం డాబా మీదికి తీసుకెళ్తున్నాను.